చెరువులు, నగరము

హైదరాబాదులో మాసాబ్ ట్యాంక్ అను పేట యొకటి ఉన్నది. చెరువు పేరులోనే మిగిలినది. ఆ చోట నేడు రహదారులు, మేడలు ఉన్నవి. నగరము పెరుగునప్పుడు నేలకు కలుగు మార్పునకు ఇదియొక చిన్న ఉదాహరణము.

దక్కను పీఠభూమి రాతినేల. కురిసిన వాన త్వరగా ఇంకదు, పల్లమునకు పరుగెత్తును. అందుచేతనే పూర్వులు వాగులకు అడ్డముగా కట్టలు పోసి చెరువులు నిర్మించిరి. ఎగువ చెరువు నిండి అలుగు పారినచో ఆ నీరు కాలువ వెంట దిగువ చెరువును చేరును. ఈ గొలుసుకట్టులో ఒక్క చెరువును పూడ్చినను, ఒక్క కాలువను మూసినను, నష్టము అక్కడితో ఆగదు.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి వేలాది ప్రాణములను బలిగొన్నది. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా ననుసరించి ఎగువన 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు నిర్మింపబడినవి. నీటికి చోటీయనిదే నగరమునకు క్షేమము లేదని ఆనాటివారు గ్రహించిరి.

తరువాత నగరము నలుదిక్కులా పెరిగినది. ఆయకట్టు పొలములు ఇండ్లస్థలములైనవి. సేద్యము పోగా తూములను, కాలువలను కనిపెట్టుకొని యుండు రైతులును లేకపోయిరి. ఎండకాలములో ఎండిన శిఖము భూమి బీడువలె కనబడును. దానికి హద్దురాళ్లు పాతి విక్రయించుట సులభము. సిమెంటు పరచిన నేలపై పడిన వాన ఇంకుటకు దారి లేదు. 2000 ఆగస్టులోను, 2020 అక్టోబరులోను కుండపోత వానలు కురిసినప్పుడు నీరు తన పాత త్రోవనే వెదకుకొని వచ్చినది. మునిగిన ఇండ్లలో కొన్ని, జీవితకాలపు కష్టార్జితముతో, కాగితములను నమ్మి కొనుక్కొన్న సామాన్యులవి. అట్టివారిని ఆక్రమణదారులనుట న్యాయము కాదు. చెరువును స్థలములుగా కోసినవారును, చూచియు ఊరకున్నవారును అందుకు బాధ్యులు.

కావున స్థలము కొనదలచినవారు పత్రములను పరీక్షించుటతో తృప్తిపడరాదు. వానకాలములో ఒకసారి అచటికి పోయి చూడవలెను. సమీపమున కట్ట యున్నదా, అలుగు ఎటు పారును అని ఆ ఊరి వృద్ధులను అడుగవలెను. గ్రామ పటములో చెరువు హద్దును సరిచూడవలెను. నగరమునకు ఇండ్లు కావలసినదే. కాని నీరు నిలుచుటకును, నడచుటకును చోటు విడిచిన పిమ్మటనే మన గృహములకు చోటు నిర్ణయించుకొనవలెను.