మతమా, మనమా?

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగపూట ఈ ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చును. ఉగాది పచ్చడిలో వేపపూవు కూడ ఉండవలెను గదా! ఆ చేదు వంతు మాకు వచ్చినది.

మతము పేర హింస జరిగినప్పుడెల్ల రెండు మాటలు వినవచ్చును. మతములు ఉన్నంతకాలము రక్తపాతము తప్పదని కొందరందురు. మతము మంచిదే, ఆ దుండగులు నిజమైన భక్తులు కారని మరికొందరందురు. మేము పండితులము కాము, మెట్రిక్ చదివిన రైల్వే గుమాస్తాలము. అయినను మాకు తోచినది మనవి చేసికొందుము.

కలకత్తా సంగతి చూడుడు. 1946 ఆగస్టు 16న మొదలైన అల్లర్లలో హిందువులు, ముస్లిములు వేల సంఖ్యలో హతులైరి. సరిగా ఏడాదికి, 1947 ఆగస్టు 15న, అదే నగరములో ఉభయులు వీధులలో కౌగిలించుకొనిరి. అప్పుడు గాంధీగారు బేలియాఘాటాలోని హైదరీ మంజిల్‌లో సుహ్రావర్దీగారితో కలిసి బసచేసియుండిరి. ఆ నెల 31న రాత్రి హిందూ యువకుల గుంపు ఆ ఇంటిమీదికే వచ్చెను. మరునాడు నగరములో మరల హత్యలు. సెప్టెంబరు 1న గాంధీగారు నిరాహారదీక్ష పూనిరి. 4న ఉభయ వర్గముల నాయకులు వ్రాతమూలకముగా హామీ ఇచ్చిన పిదపనే విరమించిరి. కొందరు యువకులు దాచిన ఆయుధములు తెచ్చి అప్పగించిరి.

ఆ పన్నెండు నెలలలో గీతలోగాని, ఖురానులోగాని ఒక్క అక్షరము మారలేదు. మారినది మనుష్యులు. కనుక గ్రంథము కత్తి పట్టలేదని ఒప్పుకొనవలసినదే.

అంతమాత్రమున రెండవ మాట చెప్పి తప్పుకొనవచ్చునా? తనపైకి వచ్చినవారు హిందువులు కారని గాంధీగారు అనలేదు. ఆ భారమును తన దేహముపై వేసికొనిరి. మనమో, మనవారు సత్రము కట్టించినచో మతమునకు జమ కట్టుదుము. ఇల్లు తగులబెట్టినచో వారు మనవారే కారని పద్దు కొట్టివేయుదుము. ఇట్టి లెక్క వ్రాసిన గుమాస్తాను ఏ ఆడిటరు క్షమించును?

మా తప్పు కూడ చెప్పెదము. కొంతకాలము క్రిందట మా స్టేషనులో ఒక వదంతి పుట్టెను. ఎక్కడనో మనవారిని చంపిరని. మేము నిజానిజములు విచారింపక, టీ త్రాగుచు మరి నలుగురికి చెప్పితిమి. రోజూ ప్లాట్‌ఫారముపై పండ్లమ్ము ముస్లిము వృద్ధుడు నాలుగు దినములు కనబడలేదు. వదంతి అబద్ధమని తేలిన పిదప వచ్చెను. మమ్ము ఏమియు అనలేదు. ఎప్పటివలెనే డజను అరటిపండ్లు లెక్కపెట్టి ఇచ్చెను. అతని మొగము చూచుటకు మాకు మొగము చెల్లలేదు. ఆ మాట చెప్పుమని ఏ మతమును మాకు చెప్పలేదు. మా నోరే చెప్పెను.

మన ఆంధ్రదేశమున, గుత్తికి సమీపముననున్న ఎర్రగుడి బండలపై క్రీస్తుకు పూర్వము 3వ శతాబ్దమున అశోకుడు శాసనములు చెక్కించెను. తన మతమును పొగడి పరమతమును కించపరచువాడు తన మతమునకే హాని చేయుచున్నాడనియు, నాలుకను అదుపులో ఉంచుకొనవలెననియు అందొక శాసనమున కలదు. కత్తి చాల తరువాత వచ్చును. ముందు వచ్చునది మాట.

కాబట్టి మా సమాధానము ఇది: బాధ్యత అనుసరించువారిదే. వారిలో కత్తి పట్టినవారే కాక, వదంతి మోసినవారును, విని ఊరకున్నవారును ఉన్నారు. ఈ క్రొత్త సంవత్సరమున అట్టి మాట మన చెవిని బడినప్పుడు, అది మనతోనే ఆగిపోవుగాక!

అందరికి ఉగాది శుభాకాంక్షలు. సెలవు.