రెండు యంత్రాల మధ్య తీగకు బాధ్యులెవరు?

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం అడవి అంచు దాకా మనవాళ్లు నడుపుకునే వడ్రంగి షెడ్లు, వెల్డింగ్ షాపులు, దూది ఏకే మిషన్లు ఉన్నాయి. ఒక కుటుంబానికి రంపం మిషనో, రందా మిషనో ఇప్పిస్తే ఆ ఇల్లు మరొకరి ముందు చెయ్యి చాచనక్కర లేదు. ఆ చెయ్యి క్షేమంగా ఉండాలి కదా! ఈరోజు ఆ మాటే చెప్పదలచుకున్నాం.

షెడ్డులోకి మొదట రంపం వస్తుంది. కొన్నాళ్లకు పొట్టు లాగే బ్లోయర్ వస్తుంది. రంపం తిరిగినప్పుడల్లా బ్లోయర్ దానంతటదే తిరగాలని రెండింటినీ కలుపుతారు. ఆలోచన మంచిదే, కర్రపొడి ఊపిరితిత్తులకు చేటు. ప్రమాదమంతా కలిపే తీరులోనే ఉంది.

చాలామంది రంపం స్టార్టర్ నుంచే బ్లోయర్‌కు తీగ లాగేస్తారు. 5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు నిండు లోడు మీద సుమారు 7 ఆంపియర్లు లాగుతుంది. స్టార్ట్ అయ్యేటప్పుడు దానికి ఐదారు రెట్లు. ఆ స్టార్టర్‌లోని ఓవర్‌లోడ్ రిలే ఒక్క మోటారుకు సరిపడా పెట్టింది. రెండోది తగిలిస్తే మాటిమాటికీ ట్రిప్ అవుతుంది. అప్పుడు రిలే సెట్టింగు పెంచుతారు. ఇక రెండు మోటార్లకూ కాపలా లేనట్టే. ప్రతి మోటారుకు సొంత స్టార్టర్, సొంత రిలే ఉండాలి. కలపవలసింది కంట్రోల్ తీగను మాత్రమే.

అక్కడా ఒక గండం ఉంది. రంపం మెయిన్ ఆపినా, బ్లోయర్ వైపు నుంచి వచ్చే కంట్రోల్ తీగలో కరెంటు ఉండొచ్చు. మెయిన్ ఆపాననే ధైర్యంతో పెట్టె తెరిచినవాడికి షాక్ తగులుతుంది. అందుకే రెండింటినీ ఒకేసారి తెంపే మెయిన్ ఒకటి కావాలి. దానికి తాళం వేసి, బ్లేడు మార్చే మనిషి తాళంచెవి తన జేబులోనే పెట్టుకోవాలి. గాలివానకు కరెంటు పోయి వచ్చే మన ప్రాంతంలో, కరెంటు రాగానే రంపం దానంతటదే తిరగకుండా నో-వోల్ట్ కాయిల్ ఉన్న స్టార్టరే వాడాలి.

చట్టం ఏమంటుంది? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తిరిగే భాగాలకు కంచె ఉండాలంది. కానీ కరెంటుతో నడిచే చోట పదిమంది పనివాళ్లు ఉంటేనే దాన్ని ఫ్యాక్టరీగా లెక్కించింది. 2020 నాటి కార్మిక భద్రతా కోడ్ ఆ సంఖ్యను ఇరవై చేసింది. ముగ్గురు నలుగురు పనిచేసే మన షెడ్లు ఆ లెక్కలోకి రావు. విద్యుత్ నిబంధనలు మాత్రం పనివాళ్ల సంఖ్య చూడవు. మోటారు బాడీకి రెండు వేర్వేరు ఎర్తింగులు ఉండాలి, వైరింగ్ పని లైసెన్సున్న కాంట్రాక్టరే చేయించాలి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో ఈ భద్రతా నిబంధనలను కొత్తగా జారీ చేసింది.

రంపానికి దాన్ని చేసిన కంపెనీ జవాబుదారీ. బ్లోయర్‌కు దాని కంపెనీ. రెండింటి మధ్య తీగకు ఏ కంపెనీ పేరూ ఉండదు. దాన్ని కలిపినవారు, కలపమన్న యజమాని, ఆ యంత్రం ఇప్పించిన మనం, ముగ్గురం ఆ అమానత్‌ను మోయాలి. పనిలో చెయ్యి పోతే పరిహారం యజమాని ఇవ్వాలని 1923లోనే చట్టం వచ్చింది. కానీ మనం యంత్రం ఇప్పించే పేదింట్లో యజమానీ, పనివాడూ ఒక్కడే. అతనికి పరిహారం ఎవరిస్తారు?

వరదలనూ మరువకూడదు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. 2024 సెప్టెంబరులో ఖమ్మంలో మున్నేరు ఇళ్లమీదికి వచ్చింది. నీట మునిగిన మోటారును పూర్తిగా ఆరబెట్టి, మెగ్గర్‌తో ఇన్సులేషన్ పరీక్షించకుండా స్విచ్ వేయకూడదు.

దాతలను మేము కోరేది ఒక్కటే. ఇకమీదట ఇచ్చే ప్రతి యంత్రంతోపాటు స్టార్టర్, బ్లేడు గార్డు, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు తెంపే బ్రేకరు, ఎర్తింగ్, లైసెన్సున్న మనిషి కూలీ కూడా లెక్కలో కలపండి. ఆ ఖర్చుతో పది యంత్రాలు ఎనిమిదైనా ఫరవాలేదు. కలిపినవారి పేరు, తేదీ, పరీక్షించిన వివరం షెడ్డు గోడమీద తెలుగులో, ఉర్దూలో రాయిద్దాం. మీరిచ్చిన యంత్రం దగ్గర నిలబడ్డవాడు సాయంత్రం రెండు చేతులతో ఇంటికి వెళ్లాలి.