కొత్తగా వచ్చినవారి మొదటి గంట



కవిసమ్మేళనాలకు అలవాటుపడ్డ ఊళ్ళో సాఫ్ట్‌వేర్ పత్రాల మీద అధ్యక్షోపన్యాసం ఏమిటండీ అని పొద్దున కాఫీల దగ్గర ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాని దశాబ్ది ఉత్సవాలు 2014 ఫిబ్రవరిలో ఈ విజయవాడలోనే జరిగాయి. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న ఆంధ్ర లొయోలా కళాశాల విద్యార్థులు అందులో రాశారు. రాసేవారికి ఈ గడ్డ మీద కొదవ లేదు. ఆ రాతలన్నిటినీ మోస్తున్న మీడియావికీ అనే ప్రోగ్రామును బాగుచేసే చేతులే తక్కువ. మన ఇంజనీరింగ్ కళాశాలల పిల్లలకు కోడు రాక కాదు. లోపలికి దారి చూపాల్సిన పత్రాలను లోపలివాళ్ళు తమకోసమే రాసుకున్నారు.

ఇలా అనుకోండి. వికీపీడియాలో ఒక బొత్తాం మీద తెలుగు తప్పుగా ఉంది. రెండో సంవత్సరం చదివే అమ్మాయి కంట్లో పడింది. కోడు బహిరంగమే కదా అని వెతికి తెలుగు సందేశాల జేసన్ ఫైలు పట్టుకుంది, సరిచేసింది. పంపడానికి, కోడు మార్పులను నమోదుచేసే గిట్ నేర్చుకుంది, వాటిని సమీక్షకు పెట్టే గెరిట్‌లో ఖాతా తెరిచింది, కీలు తయారుచేసుకుంది, తంటాలుపడి పంపింది. జవాబొచ్చింది: ఈ ఫైలును చేత్తో మార్చకూడదు, ట్రాన్స్‌లేట్‌వికీలో మార్చండి. మాట నిజమే. మీడియావికీ అనువాదాలు ఆ సైటు నుంచే కోడులోకి వచ్చి చేరతాయి. బ్రౌజరులో ఐదు నిమిషాల పని. ఈ సంగతి పత్రాల్లో లేదా అంటే, ఉంది. స్థానికీకరణ మీద ఉన్న పెద్ద పేజీలో ఉంది. అలాంటి పేజీ ఒకటుందని తెలిస్తేగా తెరిచేది!

ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్ళకు గుణదల వచ్చే జనం మెట్లెటు, తలనీలాలెక్కడ అని అడుగుతారు. 1924లో ఫాదర్ అర్లాటి మేరీమాత విగ్రహం నెలకొల్పిన చరిత్రను కొండ కిందే ఆపి ఎవరూ వినిపించరు. మన పత్రాలు మాత్రం, వచ్చినవారు దారి అడుగుతుంటే, మొదటి పేజీలోనే ఆర్కిటెక్చర్ విప్పుతాయి.

వికీపీడియాను నడిపే వికీమీడియా వారు 2022లో డెవలపర్ పోర్టల్ తెరిచారు. అంతకుముందే ఉన్న పత్రాలకు, చేయబోయే పనిని బట్టి దారులు వేశారు: సమాచారం వాడుకుంటారా, పరికరం తయారుచేస్తారా, కోడుకు చెయ్యి వేస్తారా. మంచి పనే. నాకు అంతకన్నా నచ్చింది చాలా చిన్నది. మీడియావికీలో భాషకో సందేశాల ఫైలు ఉన్నట్టే, క్యూక్యూక్యూ అని ఒకటుంది. అది ఏ భాషదీ కాదు. తెరమీద కనిపించే సందేశం ఒక్కొక్కదానికీ అందులో వివరణ ఉంటుంది: ఇది బొత్తామా, శీర్షికా? సందేశంలో డాలర్ 1 అనే గుర్తు ఉన్నచోట వచ్చేది వాడుకరి పేరా, అంకెనా? ట్రాన్స్‌లేట్‌వికీలో అనువదించేవారికి ఆ వివరణ అక్కడికక్కడే కనిపిస్తుంది, ఇంకెక్కడా వెతకనక్కర్లేదు. కొత్త సందేశం చేర్చిన ప్రోగ్రామరు వివరణ రాయడం మరిచిపోతే యంత్రపు తనిఖీ పట్టేస్తుంది. ఎవరి ఓపిక మీదా ఆధారపడని ఏర్పాటు కాబట్టే అది ఇన్నేళ్ళూ నిలిచింది.

మనం తెలుగులో రాయబోయే పత్రాలకు, అవసరమైన చోటే వివరణ ఉండే ఇదే పద్ధతి పట్టాలని నా కోరిక. ‘తెలుగు మాట తప్పుగా ఉంది’, ‘ఒత్తు విడిపోతోంది’, ‘ఫోనులో పేజీ పక్కకు జరుగుతోంది’ అని కొత్తవారు చెప్పుకునే ఇబ్బందులే శీర్షికలు కావాలి. మీడియావికీని సొంత కంప్యూటరులో నడిపి చూసేందుకు డాకర్ దింపుకోమని చెప్పే ముందు అది ఎన్ని మెగాబైట్లో చెప్పాలి. హాస్టల్ వైఫై మీద మొదటి గంట దానికే చెల్లిపోతుంది. బొత్తాం మీది అక్షరం దిద్దడానికి అసలు డాకరెందుకు? ఆ మాటా అక్కడే రాయాలి. పేజీ చివర, ప్రశ్న ఎక్కడ అడగాలో రాసి ఉండాలి. తెలుగు వికీపీడియాలో రచ్చబండ అనే చర్చా పేజీ ఉంది, అక్కడ తెలుగులోనే అడగవచ్చు.

పత్రాలు కొత్తవారిని ఎక్కడ ఆపేస్తున్నాయో చూడటానికి మధ్యాహ్నం జరిగే ల్యాబులో చిన్న మార్పు చేశాను, నిర్వాహకులు మన్నించాలి. ఇంతవరకు మీడియావికీ ముట్టనివారే కీబోర్డు ముందు కూర్చుంటారు. పత్రం రాసినవాళ్ళు వెనక నిలబడాలి. నోరు మెదపకూడదు, మౌస్ లాక్కోకూడదు. పిల్లలు ఎక్కడ ఆగిపోయారో కాగితం మీద రాసుకోవడమే వారి పని. ఆ కాగితాలు సాయంత్రం ముగింపు సభకు ముందే నాకు అందాలి.