దిగుదారిలో గేరు మార్పు



కేంద్రోద్యోగుల శిక్షణాలయమున్న ముస్సోరీ కొండనుండి డెహ్రాడూనునకు దిగు త్రోవ సుమారు 35 కిలోమీటర్లు మలుపులతో సాగును. ఎక్కుటకన్న దిగుటయే కష్టము. బరువువలన బండి తనంతనే వేగము పుంజుకొనును. అదేపనిగా బ్రేకు త్రొక్కినచో అది కాగి పట్టు సడలును, ప్రాణాపాయము కలుగును. క్రింది గేరులో నున్నచో ఇంజనే బండిని నిలువరించును. కావున చోదకుడు గేరు తగ్గించుట నేర్వవలెను.

తగ్గించునపుడు కుదుపేల కలుగును? బండి వేగము మారకున్నను, క్రింది గేరులో ఇంజను ఎక్కువగా తిరుగవలెను. మూడవ గేరులో నిమిషమునకు 2000 చుట్లు తిరుగునది రెండవదానిలో 3000 తిరుగవలెననుకొనుడు. క్లచ్ ఒక్కుమ్మడిగా వదలినచో ఆ కొఱతను చక్రములే తీర్చవలసివచ్చును. కుదుపు దానివలననే. తడిరోడ్డుపై చక్రము జారుటయు కలదు.

నేర్పరి మలుపునకు ముందే బ్రేకుతో వేగము తగ్గించును. క్లచ్ త్రొక్కి గేరు మార్చును. ఎక్సిలరేటరును ఒకింత అదిమి ఇంజను వేగము పెంచును. పిమ్మట క్లచ్‌ను మెల్లగా వదలును. 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లలో సింక్రోమెష్ ప్రవేశించిన పిదప గేరుపండ్లు ఒరయుట తగ్గినది. అయినను ఇంజను వేగమును సరిపుచ్చు పని చోదకుని పాదముదే.

క్రొత్తగా నేర్చువాడు దీనిని ముందు రద్దీలేని సమతల మార్గమున అభ్యసింపవలెను. వెనుక సీటున నిద్రించు బిడ్డ కొండ దిగువరకు మేలుకొనకున్నచో ఆ విద్య ఫలించినట్లే.