అమెరికా చదువు, అక్కడి పన్ను, ఒక అధికరణము

బస్తరు సీమకు తెలుగువారి రాక ఈనాటిది కాదు. ఓరుగల్లు పతనానంతరము కాకతీయ అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి ఇంద్రావతీ ప్రాంతమున రాజ్యము స్థాపించెనని ఐతిహ్యము. మొన్నటి తరమువారు కత్తి పట్టి రాలేదు. బదిలీ ఉత్తర్వు పట్టుకొని వచ్చినారు. 1958లో ఏర్పడిన దండకారణ్య పథకము, 1960 దశకమున కొత్తవలస నుండి కిరందూలు వరకు వేసిన రైలుమార్గము, బైలదిల్లా ఇనుపగనులు వారిని ఈ అడవులకు రప్పించినవి. జగదల్‌పూరులోను, బచేలీలోను పెరిగిన బిడ్డలు నేడు సముద్రములు దాటుచున్నారు. 2023-24 విద్యాసంవత్సరమున అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వారిలో తెలుగు పిల్లల సంఖ్య స్వల్పము కాదు.

బిడ్డను విమానమెక్కించునాడు తండ్రి ఫీజు లెక్కయు, ఋణపు వడ్డీ లెక్కయు వేయును. తల్లి ఆవకాయకు మూత బిగించును. పన్ను సంగతి ఎవరికిని తట్టదు. విశ్వవిద్యాలయ గ్రంథాలయములోనో, ప్రయోగశాలలోనో పనిచేసి సంపాదించిన జీతమునకు లెక్క చెప్పవలెనట అని కుమారుడు తెలిపినపుడు ఇంట కలవరము మొదలగును.

భారతదేశమునకును అమెరికాకును మధ్య ద్వంద్వ పన్ను నివారణ ఒడంబడిక 1989 సెప్టెంబరు 12న సంతకమై, 1990 డిసెంబరు 18న అమలునకు వచ్చినది. 1959లోనే ఒక ఒడంబడికపై సంతకములైనవి గాని, అమెరికా సెనేటు ఆమోదము దొరకక అది కాగితముగానే మిగిలినది. రెండవది వచ్చుటకు ముప్పది యేండ్లు పట్టినను, విద్యార్థులకు మాత్రము మేలైనదే వచ్చినది.

దాని 21వ అధికరణము విద్యార్థులను గూర్చినది. పోషణకును చదువునకును అమెరికా వెలుపలి నుండి వచ్చు ధనముపై అక్కడ పన్ను లేదని మొదటి ఖండము చెప్పును. అసలు బలము రెండవ ఖండములో ఉన్నది. అక్కడి ఉద్యోగపు జీతము, విద్యార్థి వేతనముల విషయమున ఆ దేశ నివాసులకు గల మినహాయింపులు, తగ్గింపులు భారతీయ విద్యార్థికిని లభించవలెనని దాని భావము.

దీని విలువ ఎంత? అమెరికా పన్నుచట్టము దృష్టిలో 'అనివాసి' యైనవానికి సామాన్యముగా స్టాండర్డ్ డిడక్షన్ లేదు. భారతీయ విద్యార్థి ఆ నియమమునకు అపవాదము. 2024 సంవత్సరమునకు ఒంటరి వ్యక్తికి ఆ తగ్గింపు 14,600 డాలర్లు. ఒక విద్యార్థి ఆ యేడు 14,000 డాలర్లు జీతముగా పొందెననుకొనుడు. అధికరణము నుపయోగించుకొన్నచో కేంద్ర పన్ను సున్న. ఏ తగ్గింపును కోరనిచో 1,448 డాలర్లు చెల్లించవలెను. రూపాయలలో లక్షకు పైమాట. చీనా విద్యార్థికి వారి ఒడంబడిక వేరు. అందు 5,000 డాలర్ల సంపాదన వరకే మినహాయింపు.

అయితే అడుగనిదే అమ్మయైనను పెట్టదు. పనిలో చేరునాడే డబ్ల్యు-4 ఫారమును సరిగా నింపవలెను. అనివాసుల జీతమునకు కొంత మొత్తము కలిపి పన్ను కోయు పద్ధతి అక్కడ కలదు. భారతీయ విద్యార్థికి అట్లు కలుపరాదు. తరువాత రిటర్ను 1040-ఎన్.ఆర్. ఫారముపై దాఖలుచేసి, భారత-అమెరికా ఒడంబడికననుసరించి స్టాండర్డ్ డిడక్షన్ కోరుచున్నట్లు అందు వ్రాయవలెను. గడువు మరుసటి యేడు ఏప్రిల్ 15. ఏప్రిల్‌తో ఆర్థిక సంవత్సరము మొదలిడు కార్యాలయపు అలవాటు అక్కడ పనికిరాదు. వారిది జనవరి నుండి డిసెంబరు వరకు. ఆదాయమే లేని విద్యార్థియు 8843 ఫారము పంపవలసినదే.

ఇక్కడ ఒక చిక్కు కలదు. స్నేహితుల మాట విని కొందరు నివాసుల కొరకైన 1040 ఫారము నింపుదురు. తగ్గింపు అంకె రెండింట ఒకటే గనుక తప్పు కనబడదు. కాని ఆ ఫారముతో పాటు నివాసులకు మాత్రమే చెందు విద్యా రాయితీలు కూడ చేతికందును. తనది కాని రాయితీని సంతకము చేసి పుచ్చుకొనుట చిన్న పొరపాటుగా ఎంచరాదు. రేపటి వీసా దరఖాస్తునాడు అది ఎదురు నిలువవచ్చును. ఎఫ్-1 వీసాపై తొలిసారి వచ్చిన విద్యార్థి సాధారణముగా ఐదు క్యాలెండరు సంవత్సరముల వరకు అనివాసియే. డిసెంబరులో ఒక్క దినమున్నను అది ఒక సంవత్సరముగానే లెక్క. ఆ పిమ్మట నివాసిగా మారినచో 1040 ఫారమే అతనిది. తగ్గింపు స్థానిక చట్టము వలననే వచ్చును.

అనివాసిగా ఉన్నంతకాలము, వీసా అనుమతించిన పనికి వచ్చు జీతము నుండి సాంఘిక భద్రత, మెడికేరు పన్నులు, అనగా నూటికి 7.65 వంతులు, కోయరాదు. పొరపాటున కోసినచో మొదట యజమానినే అడుగవలెను. అతడు తిరిగి ఈయనిచో 843 ఫారము కలదు. రాష్ట్రముల పన్నులు వేరు. కొన్ని రాష్ట్రములు ఈ ఒడంబడికను పాటించవు గనుక అక్కడి నియమమును విడిగా చూచుకొనవలెను.

ఒడంబడిక సంగతి తెలియక గతమున పన్ను చెల్లించినవారికిని ద్వారము మూయబడలేదు. రిటర్ను దాఖలైన మూడేండ్లలోపల, లేదా పన్ను చెల్లించిన రెండేండ్లలోపల, ఏది తరువాత వచ్చిన ఆ గడువులోగా, 1040-ఎక్స్ ఫారముతో వాపసు కోరవచ్చును. దానికి కావలసినవి ఆ యేటి డబ్ల్యు-2, విద్యార్థి వేతనమున్నచో 1042-ఎస్ పత్రము, పాత రిటర్ను నకలు. సెలవులకు ఇంటికి వచ్చిన పిల్లల పెట్టెలలో ఈ కాగితములు ఉన్నవేమో ఒకసారి వెదకించుట మంచిది.