లెక్క అడిగే హక్కు

(గణిత ఉపాధ్యాయులు, మహిళా సంఘాల కార్యకర్తలు కలిసి జరుపుకున్న ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సామాజికశాస్త్రం చదివిన నన్ను గణితం గురించి మాట్లాడమని పిలిచారు. నిజం చెప్పాలంటే నేను లెక్కలంటే భయపడి పారిపోయినదాన్నే. తొంభైల్లో హైస్కూల్లో చదివేటప్పుడు మా లెక్కల మాస్టారు ఆడపిల్లల బెంచీల వైపు తిరిగి, "మీకెందుకమ్మా ఇవన్నీ, పాలవాడి లెక్క వస్తే చాలదూ" అనేవారు. మేమూ నవ్వేవాళ్ళం. పరిశోధనలో చేరి, పట్టికలు చదవడానికి గణాంకశాస్త్రం మొదటినుంచీ నేర్చుకోవాల్సి వచ్చినప్పుడు గానీ ఆ నవ్వు వల్ల నేనేం పోగొట్టుకున్నానో నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు పరిస్థితి మారిందంటారు. సూత్రాలు బట్టీ పట్టించడం కంటే పిల్లల ఆలోచనే గణితపరంగా సాగేలా చెయ్యడం ముఖ్యమని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. ఆ తర్వాత వచ్చిన పాఠ్యపుస్తకాల్లో నిత్యజీవితానికి సంబంధించిన సమస్యలకు చోటు పెరిగింది. ఇది ఆహ్వానించాల్సిన మార్పే. అయితే స్త్రీలుగా మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. నిత్యజీవితం అంటే ఎవరి జీవితం? మనకు అలవాటైన లెక్కల్లో పొలం కొలిచేవాడూ, గోడ కట్టించేవాడూ, సరుకు అమ్మి లాభం తీసేవాడూ కనిపిస్తారు. స్త్రీ కనిపిస్తే చాలావరకు కూరగాయల సంచీతోనే కనిపిస్తుంది. ఆమె చేసే శ్రమ, చేసిన అప్పు, ఆమెకు రావాల్సిన కూలి లెక్కలోకి రావు.

నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే ఇళ్ళలోకి వెళ్ళండి. బడి నుంచి వచ్చిన ఆడపిల్ల తల్లి పక్కన చాట ముందేసుకుని కూర్చుంటుంది. కట్టకు ఇరవై అయిదు, వెయ్యి బీడీలకు నలభై కట్టలు అని ఆ పిల్ల నోటికి చెప్పగలదు. వెయ్యి బీడీలకని ఇచ్చిన ఆకు తొమ్మిది వందలకే అయిపోతే మిగతా వందకు ఆకు తల్లే కొనుక్కోవాలి. అప్పుడు చేతికొచ్చే అసలు కూలి ఎంత? బాగాలేవని తీసేసిన బీడీలు వందకు ఎన్ని? నిష్పత్తి, శాతం పాఠాలకు ఇంతకంటే మంచి ఉదాహరణ ఉందా? కానీ అదే పిల్ల తరగతిలో శాతాలు రావని దెబ్బలు తింటుంది. ఇంట్లో తను చేసే లెక్క కూడా లెక్కేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఒక అనుభవం చెబుతాను. ఒక ఊళ్ళో పదో తరగతి అమ్మాయిలతో కూర్చున్నాను. శ్రేఢుల పాఠం నడుస్తోంది. ఒకటి నుంచి పన్నెండు వరకు సంఖ్యల మొత్తం ఎంత అంటే, పన్నెండుని పదమూడుతో గుణించి సగం చేసి, డెబ్భై ఎనిమిది అని చెప్పారు. "ఇది మనకెందుకు మేడమ్?" అని ఒక పిల్ల అడిగింది. మీ అమ్మ అప్పు పుస్తకం తెమ్మన్నాను. పదివేల అప్పు, నూటికి రూపాయి మిత్తి, పన్నెండు నెలల్లో తీర్చాలి. మిత్తి 1,200 రూపాయలు అని రాసి ఉంది. నూటికి రూపాయి అంటే ఏడాదికి 12 శాతం. లెక్క సరిగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

కానీ ఆ తల్లి నెలనెలా అసలు కూడా కడుతోంది కదా! మొదటి నెల ఆమె దగ్గరున్నది పదివేలు. రెండో నెల 9,167. చివరి నెల 833 మాత్రమే. ఉన్న అసలు మీదే మిత్తి వెయ్యాలంటే, పదివేలలో పన్నెండో వంతును డెబ్భై ఎనిమిదితో గుణించాలి. అరవై అయిదు వేలు వస్తుంది. దాని మీద నూటికి రూపాయి చొప్పున మిత్తి 650 రూపాయలు. వసూలు చేసినది 1,200. చెప్పిన రేటు 12 శాతమైతే నిజంగా పడిన రేటు 21 శాతం పైమాటే. పిల్లలు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ పిల్ల, "మరి మా అమ్మకు ఈ సంగతి ఎవరు చెప్పాలి?" అంది.

ఈ ప్రశ్న చిన్నది కాదు. 2010లో సూక్ష్మరుణాల వసూళ్ళ ఒత్తిడికి తాళలేక మన పల్లెల్లో ఆత్మహత్యలు జరిగాయి. ఆ అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సు, వడ్డీ రేటును అందరికీ కనపడేలా రాసిపెట్టాలని ఆ సంస్థలను ఆదేశించింది. అయితే బోర్డు మీద రేటు రాసినంత మాత్రాన సరిపోదు. చదివి, తిరగేసి, ప్రశ్నించగలగాలి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకంలోనూ ఇదే చూశాం. తవ్విన మట్టి కొలతను బట్టి కూలి కట్టినప్పుడు, యాభై సెంటీమీటర్ల లోతును నలభై అని రాస్తే ఆడకూలీల కూలిలో అయిదో వంతు పోతుంది. సామాజిక తనిఖీల్లో కూలీ కుటుంబాల యువతే టేపు పట్టుకుని పనులు కొలిచి, రికార్డుతో పోల్చి, గ్రామసభలో నిలదీసింది. పొడవు, వెడల్పు, లోతు పాఠం అక్కడ హక్కుల పోరాటంలో పనికొచ్చింది.

ఇక ఆన్‌లైన్ చదువుల సంగతి. నేను వాటికి వ్యతిరేకిని కాను. తరగతిలో మళ్ళీ అడగడానికి సిగ్గుపడే పిల్ల వీడియోను పదిసార్లు వెనక్కి తిప్పి చూడగలదు. ఖాన్ అకాడమీ పాఠాలూ, దీక్షా వేదికా, జియోజీబ్రా లాంటి సాధనాలూ ఉచితంగా దొరుకుతున్నాయి. గీతను కదిపితే సమీకరణం ఎలా మారుతుందో జియోజీబ్రాలో కళ్ళారా చూడవచ్చు. నేను చెప్పిన అప్పు లెక్కనే ఫోనులో పట్టికగా వేసుకుని, నెలలు మారిస్తే ఏమవుతుందో, రేటు మారిస్తే ఏమవుతుందో క్షణంలో చూసుకోవచ్చు.

కాని ఆ ఫోను ఎవరి చేతిలో ఉంది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన పురుషులు 57 శాతం, స్త్రీలు 33 శాతం. కరోనా వల్ల బళ్ళు మూసినప్పుడు, 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో టీశాట్, దూరదర్శన్ ద్వారా పాఠాలు ప్రసారం చేశారు. ఆ రోజుల్లో నేను మాట్లాడిన ఇళ్ళలో పాఠం వచ్చే వేళకు ఆడపిల్ల అంట్లు తోముతూ ఉండేది. ఫోను ఒక్కటే ఉంటే అది అన్నదో తమ్ముడిదో అయ్యేది. అమ్మాయి చేతిలో ఫోను చూస్తే ఎవరితో మాట్లాడుతోందన్న అనుమానం మొదట వచ్చేది. పితృస్వామ్యం ఉన్న ఇంట్లోకి వచ్చిన ఏ యంత్రమైనా మొదట మగవాళ్ళ చేతికే వెళుతుంది. రేడియో విషయంలోనూ సైకిల్ విషయంలోనూ మనం ఇది చూసినవాళ్ళమే.

ఇంకొక హెచ్చరిక కూడా చెయ్యాలి. నిత్యజీవిత గణితం పేరుతో పేదింటి ఆడపిల్లకు కూలి లెక్క, రేషను లెక్క చాలని ఆపేసే ప్రమాదం ఉంది. అది మా మాస్టారి పాలవాడి లెక్కకు కొత్త రూపమే అవుతుంది. అప్పు పుస్తకం నుంచి మొదలైన మా లెక్క శ్రేఢి దాకా వెళ్ళింది. పన్నెండు నెలలకు బదులు ఎన్ని నెలలైనా సరిపోయే సూత్రం కావాలని ఆ పిల్లలే అడిగారు. అంటే బీజగణితం వాళ్ళకు అవసరమై వచ్చింది. బీడీ కార్మికురాలి కూతురికి త్రికోణమితి మీద, ఇంజనీరింగ్ సీటు మీద ఉన్న హక్కు ఎవరికీ తీసిపోదు.

అందుకే ఉపాధ్యాయ మిత్రులను నేను కోరేది ఇది. మీ ఊరి స్త్రీల పనుల నుంచి సమస్యలు తయారు చెయ్యండి. వడ్డీ పాఠం చెప్పే రోజున పొదుపు సంఘం లెక్కలు రాసే అక్కను తరగతికి పిలవండి, ఆమె నుంచి మీరూ నేర్చుకోండి. బడిలో ఉన్న కంప్యూటర్లు, ట్యాబులు బడి వేళల్లోనే ఆడపిల్లల చేతికి అందేలా గంట కేటాయించండి. ఇంటికెళ్ళి చూసుకోమంటే, ఇంటి దగ్గర వాళ్ళకు ఆ గంట దొరకదు. సంఘాల కార్యకర్తలు తల్లుల అప్పు పుస్తకాలను కూతుళ్ళతో కలిసి చదివే సాయంత్రాలు ఏర్పాటు చెయ్యాలి.

ఆ పదో తరగతి అమ్మాయి తర్వాత తల్లితో కలిసి అప్పిచ్చినవాళ్ళ దగ్గరకు వెళ్ళింది. డబ్బు వెనక్కి రాలేదు. "చదువుకున్న పిల్లను వెంటబెట్టుకొచ్చావా" అని తల్లిని కసిరారు కూడా. అయినా ఆ తల్లి మరుసటి అప్పు తీసుకునేటప్పుడు, మిత్తి మొత్తం మీదా, మిగిలిన అసలు మీదా అని ముందే అడిగిందట. పక్కింటి ఇద్దరు ఆడవాళ్ళు కూడా అదే అడిగారట. మన పని అక్కడి నుంచి మొదలుపెట్టాలి.