ట్రైలరు బ్రేకుల పరీక్ష



ఏటికొప్పాక సహకార చక్కెర కర్మాగారము 1933లో ఏర్పడిన తొలినాళ్లలో ఈ ప్రాంతమున చెఱకు మోసినవి ఎడ్లబండ్లు. ట్రాక్టర్లు తరువాత వచ్చినవి. పల్లమున ఎద్దు కాళ్లు తన్నిపెట్టి బండిని నిలుపును. బ్రేకు లేని ట్రైలరు అట్లు కాదు. ముందున్న ట్రాక్టరును త్రోసి అడ్డము త్రిప్పును. అప్పుడు డ్రైవరుకే గాక దారిన పోవువారికిని ప్రాణాపాయము.

కావున ట్రైలరుకు బ్రేకు ఉన్నదా అనుటయే మొదటి ప్రశ్న. ఉన్నచో బరువెత్తకముందే చదునునేలపై నడకవేగమున నడిపి, నొక్కి చూడవలెను. ఒక ప్రక్కకు లాగినచో రెండవ ప్రక్క బ్రేకు సరిగా పట్టుటలేదు. తరచు లైనింగుపై గ్రీజో నూనెయో కారియుండును. నూనె బ్రేకు పెడలు మెత్తగా దిగిపోయినచో గొట్టములలో గాలి చేరియుండవచ్చును. కొంత దూరము పోయిన పిమ్మట చక్రముల చెంత చేయి చాపి వేడి చూడుడు, తాకవలదు. ఒక్కటే కాలుచున్నచో దాని బ్రేకు విడువక పట్టియున్నదేమో, బేరింగు చెడినదేమో విప్పి చూడవలెను.

ట్రాక్టరు రెండు బ్రేకు పెడళ్లను కలుపు కొక్కెమును దుక్కిలో విప్పుదురు. రోడ్డెక్కునపుడు తగిలించుట మరతురు. ఇక పల్లమున న్యూట్రలులో వదలి డీజిలు మిగిలినదని మురియువారును గలరు! తక్కువ గేరులోనే దిగవలెను.

పంచాయతీ నీళ్లటాంకీ విషయమొకటి. సగము నిండిన టాంకీలో బ్రేకు వేయగానే నీరు ముందుకు కొట్టుకొని బండిని నెట్టును. నిండుగనో, ఖాళీగనో నడిపించుడు.